నడకదారి నుంచి మొదలుపెట్టి కట్టిన వంతెన: గజపతి జిల్లా పట్టణంలో ఒక కేస్ స్టడీ

ఒడిశాలోని గజపతి జిల్లాలో, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ఒక పట్టణంలో, ఊరి మధ్య నుంచి పారే గెడ్డ మీది పాత వంతెనను తొలగించి అదే చోట కొత్తది కట్టిన పనిని ఇక్కడ వివరిస్తున్నాను. ఆ పనిలో డిజైన్, పర్యవేక్షణ రెండూ నా బాధ్యతలో ఉన్నాయి. లోపాలు సరిచేయవలసిన ఒప్పంద కాలం ఇంకా నడుస్తున్నందున ఊరి పేరు, కాంట్రాక్టరు పేరు ఇవ్వడం లేదు. పట్టణ వంతెనల్లో మామూలుగా ముందు బండ్లకు కావలసిన వెడల్పు తీసి, మిగిలిన జాగాను ఫుట్‌పాత్‌గా గీస్తారు. మేము నడిచేవారి అవసరాన్ని ముందు తేల్చుకుని, వంతెన వెడల్పును, ఎత్తును, దిమ్మెల మధ్య దూరాలైన స్పాన్‌లను, చివరికి కట్టే క్రమాన్ని కూడా దాన్ని బట్టే నిర్ణయించాం. అందువల్ల ఇంజనీరింగ్ పరంగా ఏమేమి మారిందో చెప్పడమే ఈ రచన ఉద్దేశం.

వంతెనకు ఒక ఒడ్డున బస్టాండు, బడి, పాత ఇళ్లు ఉన్నాయి. రెండో ఒడ్డున సంత, ధాన్యం దుకాణాలు, ఆసుపత్రి ఉన్నాయి. ఊళ్లో తెలుగువారు, ఒడియావారు కలిసే ఉంటారు. సంత రోజున కొండల మీది సవర గిరిజన గ్రామాల నుంచి, పాతపట్నం వైపు పల్లెల నుంచి జనం వస్తారు. వచ్చినవారిలో ఎక్కువమంది బస్సు దిగి నడిచే వంతెన దాటతారు. తల మీద కట్టెల మోపు, చింతపండు బుట్ట, భుజాన కావడి, చేతిలో కోడిపుంజు, వెంట పిల్లలు ఉంటారు. పాత వంతెన మీద వారికి విడిగా దారి లేదు. లారీ వస్తే రెయిలింగుకు ఒదిగి నిలబడి, అది పోయాక మళ్లీ నడక సాగించేవారు.

పాత కట్టడం పరిస్థితి

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడే వరకు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. రాళ్లు చెక్కిన తీరు, ఇనుప దూలాల కొలతలు చూస్తే వంతెన ఆ కాలానిదేనని తేలింది గాని, అసలు డ్రాయింగులు ఏ కార్యాలయంలోనూ దొరకలేదు. అందువల్ల ప్రతి కొలతా చేత్తో తీయవలసి వచ్చింది. సున్నపు గారతో కట్టిన రాతి దిమ్మెలు, వాటి మీద ఉక్కు దూలాలు, దూలాల పైన కాంక్రీటు పలక, ఆ పలక మీద దశాబ్దాలుగా పొర మీద పొరగా పోసిన తారు, ఇదీ కట్టడం. ఆ తారు దళసరే ఒక పెద్ద భారం. రోడ్డు పాడైనప్పుడల్లా పాత పొర తీయకుండా కొత్త పొర వేయడం వల్ల, ఏ లారీ ఎక్కకముందే దూలాల మీద అనవసరపు బరువు పడి ఉంది.

దూలాల అడుగు రెక్కల దగ్గర తుప్పును గీకి దళసరి కొలిచాం. మధ్య భాగంలో నష్టం కొద్దిగానే ఉంది. దిమ్మెల మీద దూలం చివర ఆనే చోట మాత్రం ఉక్కు పొరలు పొరలుగా విడిపోయి ఉంది. దీనికి కారణం పైనున్న నీటి గొట్టాలు. పలక మీది వాననీరు దిగడానికి పెట్టిన గొట్టాలు పొట్టిగా ఉండి, నీరు దూరంగా పడకుండా సరిగ్గా దూలం చివర మీదే కారేది. తుప్పు పట్టిన ఉక్కు తన అసలు పరిమాణం కంటే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు పలక అడుగున కాంక్రీటు పెచ్చులు ఊడి, లోపలి ఊచలు బయటపడ్డాయి. పెచ్చు ఊడిన చోట కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లినప్పుడు, మంచి కాంక్రీటులో రావలసిన గులాబి రంగు ఊచలను దాటి లోపలికి పోయాక గాని రాలేదు. అంటే ఊచల చుట్టూ కాంక్రీటుకు ఉండవలసిన క్షారగుణం పోయింది, ఊచలకు రక్షణ లేదు.

అయినా దూలాలు మార్చి పలక కొత్తగా పోస్తే సరిపోదా అన్న ప్రశ్నను తేలికగా తీసిపారేయలేదు. ఉన్న కట్టడాన్ని బలపరచి వాడుకోవడం, వీలైన చోట, కొత్తది కట్టడం కంటే మేలని నా నమ్మకం. ఆ దారి మూసుకుపోయింది పునాది దగ్గర. ఒక దిమ్మె పక్కన గొయ్యి తవ్వి చూస్తే, కింద గట్టి రాయి ఉన్నా దిమ్మె దాని దాకా దిగలేదు. గుండ్రాళ్లు, గులక కలిసిన పొర మీద ఆగిపోయింది. ఎగువ వైపు మూల కింద ఆ గులక కొట్టుకుపోయి చెయ్యి దూరేంత సందు ఏర్పడింది. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫానుకు వంశధార, మహేంద్రతనయ పరీవాహకంలో వచ్చిన వరదను ఇక్కడి వారెవరూ మరచిపోలేదు. కూలిన చెట్లు, కంప, వెదురు బొంగులు గెడ్డల వెంట కొట్టుకొచ్చి దగ్గర దగ్గరగా ఉన్న దిమ్మెలకు అడ్డం పడితే నీరు పక్కకు పోలేక కిందికి తొలుస్తుంది. పునాది కింద ఖాళీ ఉన్న దిమ్మె మీద కొత్త పలక వేయడం సరికాదు.

బరువు సంగతి కూడా ఉంది. ఎడ్లబండ్లు, రోడ్డు రోలరు లెక్కలోకి తీసుకుని కట్టిన వంతెన మీద ఇటీవలి కాలంలో టెక్కలి వైపు గ్రానైటు లారీలు పోయేవి. ఇప్పటి ఐఆర్‌సీ 6 (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వంతెనల భార ప్రమాణం) ప్రకారం డిజైన్‌లో లెక్కకు తీసుకునే క్లాస్ ఎ బండ్ల వరుస 55.4 టన్నులు, 70ఆర్ చక్రాల వాహనం 100 టన్నులు. 2023 మే నెలలో, పొరుగునున్న శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురంలో, బాహుదా నది మీది బ్రిటిష్ కాలపు వంతెన భారీ రాయి తీసుకెళ్తున్న లారీ బరువుకు కూలిపోయింది. ఆ తర్వాత మా వంతెనకు ఇరువైపులా ఎత్తు అడ్డుకమ్మీలు పెట్టించి పెద్ద లారీలను బైపాస్ మీదికి మళ్లించడానికి ఎవరినీ ఒప్పించవలసిన అవసరం రాలేదు.

వెడల్పు ఎలా తేలింది

ఐఆర్‌సీ 5 ప్రకారం వంతెన మీద ఫుట్‌పాత్ కనీసం 1.5 మీటర్లు ఉండాలి. పాదచారుల సౌకర్యాలకు సంబంధించిన ఐఆర్‌సీ 103 అడ్డంకి లేని నడక వెడల్పు కనీసం 1.8 మీటర్లు, వ్యాపార ప్రాంతాల్లో 2.5 మీటర్లు కావాలంటుంది. మొదటి అంచనాలో రెండు వైపులా 1.5 మీటర్లే రాసి ఉంది. తల మీద అడ్డంగా మోపు పెట్టుకున్న ఇద్దరు ఎదురుపడితే ఆ వెడల్పు చాలదని చెప్పడానికి లెక్కలు అక్కరలేదు. సంత రోజు పొద్దున ఒక గంట వంతెన మీద నిలబడితే తెలుస్తుంది.

నిలబడి చూసినప్పుడు మరో విషయం కూడా గమనించాం. బస్టాండు, సంత రెండూ వంతెనకు ఎగువ వైపునే ఉన్నాయి. నడిచేవారు ఎగువ అంచునే పట్టుకుని పోతారు. అవతల ఫుట్‌పాత్ ఖాళీగా ఉంది కదా అని రోడ్డు దాటి వెళ్లి మళ్లీ దాటి వచ్చేవారు ఉండరు. రెండు వైపులా సమానంగా ఇవ్వడం కాగితం మీద చక్కగా కనిపిస్తుంది గాని, ఇలాంటి చోట అది జాగా వృథా చేయడమే. అందుకే ఎగువ వైపు 3 మీటర్లు, దిగువ వైపు 2 మీటర్లు, మధ్యలో రెండు వరుసల బండ్లకు ప్రమాణమైన 7.5 మీటర్ల రోడ్డు అని నిర్ణయించాం. ఈ అసమానతకు పరిశీలనలో అభ్యంతరం వచ్చింది. నడక ఎటు సాగుతోందో చూపే పటాన్ని జతచేశాక ఒప్పుకున్నారు.

ఫుట్‌పాత్ మీద భారానికి ఐఆర్‌సీ 6 మామూలుగా చదరపు మీటరుకు 400 కిలోలు తీసుకోమంటుంది. యాత్రాస్థలమో, పెద్ద ఉత్సవాలు జరిగే చోటో అయిన పట్టణం దగ్గరైతే 500 కిలోలు. రథయాత్ర నాడు, ఠాకురాణి జాతర నాడు ఈ వంతెన మీద జనం భుజం భుజం రాసుకుని నిలబడతారు కనుక రెండోదే తీసుకున్నాం. బండి చక్రం ఫుట్‌పాత్ ఎక్కే వీలున్న చోట 4 టన్నుల చక్రభారానికి కూడా సరిచూడమని అదే ప్రమాణం చెబుతుంది, దాన్నీ పాటించాం. పట్టణంలో ఏదో ఒక రోజు ఏదో ఒక లారీ ఫుట్‌పాత్ ఎక్కక మానదు.

ఎత్తుకూ వాలుకూ మధ్య పేచీ

ఈ పనిలో ఎక్కువ ఆలోచన పట్టిన భాగం ఇదే. గరిష్ఠ వరద మట్టానికీ వంతెన అడుగుకూ మధ్య ఖాళీ ఉండాలి. సెకనుకు 30 నుంచి 300 ఘనపు మీటర్ల ప్రవాహానికి అది 900 మిల్లీమీటర్లు. మా గెడ్డ ఆ కోవలోకే వస్తుంది. పాత వంతెనకు అందులో సగం కూడా లేదు. కనుక వంతెనను పైకి లేపాలి. లేపితే ఇరువైపులా అప్రోచ్ రోడ్డు లేస్తుంది, రోడ్డు లేస్తే సంత వైపు దుకాణాల గుమ్మాలు పల్లంలో పడతాయి, వాననీరు వాటిలోకి పోతుంది, నడిచేవారికి ఎక్కుడు పెరుగుతుంది. బరువు మోసేవారికీ చక్రాల కుర్చీలో ఉన్నవారికీ ఆ ఎక్కుడే అసలు అడ్డంకి.

వంతెన ఎంత లేవాలన్నది వరద మట్టం ఒక్కటే తేల్చదు. దూలం లోతు కూడా తేలుస్తుంది. మొదటి ప్రతిపాదనలో గెడ్డ మధ్య ఒకే దిమ్మె, పెద్ద స్పాన్‌లు, లోతైన టీ ఆకారపు దూలాలు ఉన్నాయి. నీటికి అది అనుకూలం; కాని స్పాన్ పెరిగేకొద్దీ దూలం లోతు పెరిగి రోడ్డు మట్టం అంత పైకి పోతుంది. పాత వంతెనలోలాగా చిన్న చిన్న స్పాన్‌లు పెడితే పలక పలచగా ఉంటుంది గాని, కంప చిక్కుకుంటుంది. తవ్వకంలో గట్టి రాయి తక్కువ లోతులోనే తగలడం ఇక్కడ మాకు దారి చూపింది. పునాదులు రాతిలోకి దింపితే కుంగుడు భయం ఉండదు. కుంగుడు భయం లేనప్పుడు మూడు స్పాన్‌ల మీద తెగకుండా సాగే ఒకే కాంక్రీటు పలక వేయవచ్చు. అలా సాగే పలకలో స్పాన్ నడిమి వంపు తగ్గి, విడివిడి పలకల కంటే తక్కువ దళసరి సరిపోతుంది. దిమ్మెల మధ్య దూరం పాతదాని కంటే బాగా పెరిగింది, టీ దూలాలతో పోలిస్తే రోడ్డు మట్టం అర మీటరుకు పైగా తగ్గింది. గట్టి రాయిలో పునాదిని కనీసం 0.6 మీటర్లు దింపాలని ఐఆర్‌సీ 78 చెబుతుంది; పైపొర పగుళ్లు ఉన్న చోట ఇంకా దింపాం.

మరో లాభం, నా దృష్టిలో ఇదే పెద్దది: తెగకుండా సాగే పలకకు దిమ్మెల మీద, వేడికి సాగేందుకు వదిలే సందులైన ఎక్స్‌పాన్షన్ జాయింట్లు ఉండవు, రెండు చివర్లలోనే ఉంటాయి. తల మీద మోపున్న మనిషి కింద చూడలేదు. మెడ వంచితే మోపు జారుతుంది. ఆమె అడుగు నేలను చూడకుండానే పడుతుంది కనుక, వేలెడు ఎత్తు తేడా ఉన్నా కాలికి తగిలి బోర్లా పడుతుంది. వార్డు సభలో ఆడవాళ్లు వెడల్పు గురించి కంటే ముందు అడిగింది ఇదే: తోవ చదునుగా ఉండాలి, మధ్యలో ఇనుప రేకులు లేచి ఉండకూడదు. చివర్లలో జాయింటు తప్పదు కనుక, ఫుట్‌పాత్ దగ్గర దాని మీద కప్పే ఉక్కు పలకను కాంక్రీటులో గాడి చేసి పై మట్టానికి సమంగా కూర్చోబెట్టాం. పలక అంచును చెక్కినట్టు ఏటవాలు చేసి, బోల్టు తలలు లోపలికి దిగేలా చూశాం. పలకకు ఒక వైపే బిగింపు ఉంటుంది, రెండో వైపు వేడికి వంతెన సాగినప్పుడు జారాలి. జారే వైపు అడుగున పలచటి రబ్బరు పట్టీ వేయకపోతే నడిచినప్పుడల్లా టపటపమని మోగి, కొన్నాళ్లకు బోల్టు వదులవుతుంది. వానకు తడిస్తే కాలు జారకుండా పై ముఖం గరుకుగా ఉన్న పలకనే వాడాం.

అప్రోచ్ వద్ద నడకదారి వాలును 1:20 దాటనివ్వలేదు. సంత వైపు దుకాణాల ముందు రోడ్డు మట్టం కొంత పెరగక తప్పలేదు. అక్కడ రోడ్డుకూ దుకాణాలకూ మధ్య నడకదారిని పాత మట్టానికి దగ్గరగా ఉంచి, వంతెన దగ్గరపడేకొద్దీ నిదానంగా పైకి తెచ్చాం. రోడ్డు అంచున చిన్న అడ్డుగోడ, గోడ కింద కాలువ వచ్చాయి. దీనివల్ల దుకాణం గుమ్మం ముందు మెట్టు కట్టుకోవలసిన పని ఎవరికీ పడలేదు.

నడక ఆగకుండా కట్టడం

బండ్లకు బైపాస్ ఉంది. నడిచేవారికి లేదు, బైపాస్ వంతెన చుట్టు తిరిగి రావాలంటే బరువుతో ఉన్న మనిషికి పూట గడిచిపోతుంది. పని జరిగినన్నాళ్లు గెడ్డలో తూములు పరిచి, మట్టి పోసి తాత్కాలిక చప్టా వేయడం ఇక్కడ రివాజు. ఎండాకాలంలో అది పనికొస్తుంది. అకాల వానకు ఒక్క రాత్రిలో కొట్టుకుపోతే పిల్లలు నీళ్లలో దిగి బడికి పోతారు. ఆ అపాయానికి నేను సిద్ధపడలేదు.

అందుకే వంతెనను పొడవునా రెండు సగాలుగా కట్టాం. పాత వంతెన ఇరుకు కావడం ఇందుకు కలిసివచ్చింది. ముందు పాత వంతెనను నడిచేవారికి మాత్రమే వదిలి, దానికి ఎగువన 3 మీటర్ల ఫుట్‌పాత్, రోడ్డులో ఒక వరుస ఉన్న సగం కట్టాం. అది పూర్తయ్యాక నడకను, చిన్న బండ్లను దాని మీదికి మళ్లించి, పాతదాన్ని విప్పి, రెండో సగం కట్టాం. ఈ పద్ధతిలో ఖర్చు, కాలం రెండూ పెరుగుతాయి. సెంట్రింగ్ రెండుసార్లు, యంత్రాలు రెండుసార్లు తేవాలి. పాత దిమ్మెల పక్కనే తవ్వుతున్నందున, అవి కదలకుండా ముందే కాంక్రీటుతో అడుగు సందులు నింపి, గోతులను ఒకదాని తర్వాత ఒకటిగానే తెరిచాం.

రెండు సగాలను కలిపే అతుకు దగ్గర జాగ్రత్త కావాలి. మొదటి సగం కాంక్రీటు అప్పటికే చాలామటుకు కుంచించుకుపోయి ఉంటుంది, రెండోది అప్పుడే మొదలుపెడుతుంది. రెంటినీ వెంటనే కలిపితే అతుకు వెంబడి పగులు వస్తుంది. అందువల్ల మధ్యలో ఒక పట్టీని ఖాళీగా వదిలి, రెండు వైపుల ఊచలు అందులోకి సాగేలా ఉంచి, రెండో సగం సెంట్రింగ్ తీసి దాని వంపు స్థిరపడ్డాక పట్టీ పోశాం. పట్టీ గట్టిపడే రోజుల్లో పక్క సగం మీద బండ్లు పోతే అదురుకు పచ్చి కాంక్రీటు ఊచల నుంచి విడిపోతుంది కనుక ఆ కొద్ది రోజులు మోటారు బండ్లన్నిటినీ ఆపేశాం. నడక మాత్రం ఆగలేదు. అతుకు రోడ్డు మధ్య గీత కింద, చక్రాల బాటకు దూరంగా వచ్చేలా ముందే కొలత పెట్టుకున్నాం.

పాత వంతెన మీద నుంచి పోయే మంచినీటి పైపును, ఫోను తీగలను కొత్త వంతెన ఫుట్‌పాత్ లోపల దాచమని సూచన వచ్చింది. ఒప్పుకోలేదు. పైపు కారినప్పుడల్లా ఫుట్‌పాత్ తవ్వుతారు, తవ్విన చోట ఎవరూ సమంగా పూడ్చరు. దిగువ అంచు బయట ఉక్కు బ్రాకెట్లు పెట్టి పైపును వాటి మీద వేయించాం. దీపస్తంభాలు కూడా రెయిలింగుకు బయటనే ఉన్నాయి, నడకదారిలో ఒక్కటీ లేదు.

రెండు చివర్లు

వంతెన మీద ఎంత మంచి దారి ఇచ్చినా, దిగిన చోట అది తెగిపోతే జనం మళ్లీ రోడ్డు మీదికే వస్తారు. పట్టణాల్లో కట్టిన వంతెనల్లో నాకు ఎక్కువగా కనిపించే లోపం ఇది. వంతెన ఒక శాఖది, దాని తర్వాతి రోడ్డు మరొకరిది, కాలువ ఇంకొకరిది. మా ఒప్పందంలో మొదట అప్రోచ్ కొద్ది దూరమే ఉంది. బస్టాండు గేటు దాకా, సంత మొదటి వరుస దాకా నడకదారిని అదే పనిలో చేర్చడానికి పట్టిన సమయం, వంతెన డిజైన్‌కు పట్టిన సమయం కంటే తక్కువేమీ కాదు. బస్టాండు వైపు మూలలో ఒక విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మాత్రం నేటికీ కదలలేదు. అక్కడ 3 మీటర్ల దారి ఒక మనిషి పట్టేంత సందుగా మారుతోంది. సంబంధిత కార్యాలయానికి డబ్బు కట్టి చాలాకాలమైంది. సంత రోజు ఆ మూలలో జనం రోడ్డు మీదికి దిగడం చూసినప్పుడల్లా బాధగా ఉంటుంది.

ఆకుకూరలు, ఎండుచేపలు అమ్మేవారు పాత వంతెన రెయిలింగు వెంబడి కూర్చునేవారు. జనం నడిచే చోటే బేరం ఉంటుంది కనుక వారిని దూరంగా పంపితే రెండో రోజుకే తిరిగి వస్తారు. సంత వైపు అప్రోచ్‌ను ఎగువకు కొంత వెడల్పు చేసి, నడకదారి పక్కనే అరుగులాంటి జాగా ఇచ్చాం. పాత దిమ్మెల నుంచి విప్పిన చెక్కుడు రాళ్లు ఆ అరుగుకు, గెడ్డలోకి దిగే మెట్లకు సరిపోయాయి. ఆ మెట్లు మొదటి డ్రాయింగులో లేవు. వంతెన చివరను ఒడ్డున మోసే అబట్‌మెంట్ పక్క గోడ వాటికి అడ్డంగా పోయేది. కార్తీక పౌర్ణమి నాడు మనవాళ్లు దీపాలు వదిలేదీ, ఒడియావారు బొయిత బందాణకు అరటిదొప్పల పడవలు వదిలేదీ ఆ మెట్ల మీద నుంచే. గోడను కొంచెం వెనక్కి మలిచి మెట్లకు చోటు చేశాం.

ఫుట్‌పాత్‌కూ రోడ్డుకూ మధ్య 150 మిల్లీమీటర్ల అంచు మాత్రమే ఉంటే మోటారు సైకిళ్లు ఎక్కుతాయని తెలిసి, వంతెన పొడవునా ఆ అంచు మీద తెగని ఉక్కు కమ్మీ పెట్టాం. చివర్లలో చక్రాల కుర్చీ పట్టేంత సందు వదలాలి, ఆ సందులో మోటారు సైకిలూ పడుతుంది. దీనికి పూర్తి పరిష్కారం నాకు ఇంతవరకు కనిపించలేదు. సందుకు ఎదురుగా దారిని ఒక మలుపు తిప్పడంతో వేగం తగ్గింది, ఎక్కేవారి సంఖ్య కూడా తగ్గింది. గెడ్డ వైపు రెయిలింగు 1.1 మీటర్ల ఎత్తు, నిలువు కమ్మీలు. అడ్డ కమ్మీలైతే పిల్లలు నిచ్చెనలా ఎక్కుతారు. కమ్మీల మధ్య ఖాళీ 150 మిల్లీమీటర్లకు లోపే ఉంది.

వంతెనను అప్పగించేటప్పుడు పురపాలక సంఘానికి తెలుగులో, ఒడియాలో ఒక పేజీ నిర్వహణ పత్రం ఇచ్చాం. వానాకాలానికి ముందు నీటి గొట్టాలు శుభ్రం చేయాలి. వాటిని ఈసారి పలక అడుగు కంటే కిందికి దింపాం, కాంక్రీటు మీద చుక్క పడకూడదు. జాయింటు పలకల బోల్టులు ఏటా బిగించాలి. రోడ్డు మీద కొత్త తారు వేసేముందు పాత పొర తప్పనిసరిగా తీయాలి. ప్రతి పెద్ద వరద తర్వాత దిమ్మెల ఎగువ మూలల్లో చిక్కిన కంప తొలగించి, పునాది చుట్టూ రాయి బయటపడిందేమో చూడాలి. అలా చూడటానికి మనిషి దిగే ఇనుప మెట్లను దిగువ అబట్‌మెంట్ పక్కనే బిగించి, వాటి తలుపు తాళం పురపాలక సంఘం ఇంజనీరుకు అప్పగించాం.